ఒక్క వర్చువల్ మెషీన్‌కి వంద డివైజులు: డిజైన్ ఎట్లా చేయాలి

హనుమకొండలో ఒక కాలేజీ ల్యాబ్‌కి స్టోరేజ్ పెట్టే పని ఒప్పుకున్నాను. ఒకటే సర్వర్, అందులో క్యూఎమ్యూ (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే ప్రోగ్రాం), కేవీఎం (లైనక్స్ కర్నెల్‌లో దానికి తోడుండే భాగం) మీద నడిచే ఒక వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్. విద్యార్థుల జట్టుకొకటి చొప్పున దానికి నలభై డిస్కులు తగిలించాలి. ఇరవై ఎనిమిదో డిస్క్ దాకా సాఫీగా పోయింది. ఇరవై తొమ్మిదోది పెట్టగానే పీసీఐ స్లాట్ (డివైజ్ తగిలించే చోటు) ఖాళీ లేదని క్యూఎమ్యూ ఆగిపోయింది. బ్రిడ్జ్ (అదనపు స్లాట్లు ఇచ్చే డివైజ్) పెట్టి ఆ అడ్డు దాటితే, ఫైల్ డిస్క్రిప్టర్లు (ప్రాసెస్ తెరిచిన ఒక్కోదానికీ కర్నెల్ ఇచ్చే నంబర్లు) అయిపోయాయి. లిమిట్ పెంచి అదీ దాటితే, మెషీన్ బూట్ అవడానికి పట్టే టైమ్ చూసి ల్యాబ్ అసిస్టెంట్‌కి టెన్షన్ మొదలైంది.

ఒక్కో అడ్డు వచ్చినప్పుడల్లా దాన్ని మాత్రమే తీసేస్తూ పోవడం నేను చేసిన తప్పు. డివైజుల సంఖ్య పెరిగితే ఏమేం పెరుగుతాయో ముందే లెక్క వేసుకుని ఉంటే డిజైనే వేరుగా ఉండేది. క్యూఎమ్యూ, కేవీఎం మీద పెద్ద మెషీన్లు నడిపేవాళ్ళకీ, సొంతంగా వర్చువల్ డివైజులు రాసేవాళ్ళకీ ఆ లెక్కను అడుగు అడుగునా ఇక్కడ రాస్తున్నాను.

పద్ధతి మొత్తానికి ఆధారం ఒకటే. పాకాల చెరువు కింద వేల ఎకరాలు పారుతాయి. అయినా మడికొక తూము ఎవరూ కట్టలేదు. తూములు కొన్నే, వాటి నుంచి కాలువలు, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూసుకునే నీరటికాడు. మడి ఎవరిదో రైతుకు తెలుసు, కానీ తూము అందరిదీ. వర్చువల్ డివైజుల్లోనూ అంతే. గెస్ట్‌కి (లోపలి వర్చువల్ మెషీన్‌కి) కనిపించే డివైజ్ వేరు, దాని కోసం హోస్ట్ (అసలు సర్వర్) ఖర్చు పెట్టే థ్రెడ్, క్యూ, ఇంటరప్ట్, స్లాట్ వేరు. ఈ రెండింటినీ ఒకదానికొకటి ముడివేస్తే పదింటి దాకా బాగానే ఉంటుంది, వంద దగ్గర కూలుతుంది.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

కోడ్ ముట్టుకునే ముందు ఒక పట్టిక గీయండి. ఒక్క డివైజ్ చేరిస్తే ఏమేం ఖర్చవుతాయి? పీసీఐ స్లాట్ లేదా ఫంక్షన్ (స్లాట్‌లో ఒక భాగం), బస్ నంబర్, ఇంటరప్ట్ వెక్టర్లు (డివైజ్ సీపీయూని పిలిచే నంబర్లు), క్యూలు (రిక్వెస్టుల వరుసలు), ఫైల్ డిస్క్రిప్టర్లు, గెస్ట్‌లో మెమరీ, హోస్ట్‌లో మెమరీ, థ్రెడ్లు, బూట్ టైమ్. ఒక్కోదాని పక్కన రెండు విషయాలు రాయండి: ఆ వనరుకు గరిష్ఠ పరిమితి ఎంత, అది ఎవరు పెట్టిన పరిమితి. హార్డ్‌వేర్ స్పెసిఫికేషన్ పెట్టిన హద్దును మీరు మార్చలేరు. ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగ్ పెట్టిన హద్దును మార్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 32 వర్చువల్ సీపీయూలు ఉన్న మెషీన్‌కి 100 విర్ట్‌ఐఓ-బ్లాక్ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన డిస్క్ రకం) డిస్కులు పెడుతున్నారు. క్యూఎమ్యూ 5.2 నుంచి విర్ట్‌ఐఓ-బ్లాక్ డిస్క్‌కి మీరు ఏమీ చెప్పకపోతే, వర్చువల్ సీపీయూలు ఎన్ని ఉంటే అన్ని క్యూలు వస్తాయి. ఒక్క డిస్క్ మీద వేగం కోసం చూస్తే అది మంచి నిర్ణయమే. వంద డిస్కులకు గుణించి చూడండి: 100 × 32, అంటే 3,200 క్యూలు. ఒక్కో క్యూకి రెండు ఈవెంట్‌ఎఫ్‌డీలు (కబురు పంపడానికే ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్లు) కావాలి, గెస్ట్ నుంచి హోస్ట్‌కి కబురు పోవడానికి ఒకటి, హోస్ట్ నుంచి గెస్ట్‌కి ఇంటరప్ట్ పోవడానికి ఒకటి. అంటే 6,400 ఫైల్ డిస్క్రిప్టర్లు. చాలా లైనక్స్ మెషీన్లలో ఒక ప్రాసెస్‌కి ముందుగా దొరికేది 1,024. డిస్కులు ఒక్క రిక్వెస్ట్ కూడా పంపకముందే ఆరు రెట్లు దాటిపోయాం.

ఇంకా ఉంది. డిస్క్‌కి క్యూకొక ఇంటరప్ట్ వెక్టర్, కాన్ఫిగరేషన్ మార్పుల కోసం మరొకటి, మొత్తం 33. వంద డిస్కులకు 3,300. కేవీఎంలో ఇంటరప్ట్ రూటింగ్ పట్టిక (ఏ ఇంటరప్ట్ ఎక్కడికి పోవాలో రాసి ఉండేది) హద్దు 4,096 ఎంట్రీలు. నూట పాతిక డిస్కులు పెడితే 4,125, హద్దు దాటిపోయినట్టే. నెట్‌వర్క్ కార్డులను ఇంకా లెక్కలోకే తీసుకోలేదు.

గెస్ట్ మెమరీ కూడా చూడండి. 256 ఎంట్రీల క్యూ రింగులకు సుమారు ఆరున్నర కేబీ పడుతుంది, 3,200 క్యూలకు ఇరవై ఎంబీ పైమాటే. ఒక్కో క్యూకి గెస్ట్ డ్రైవర్ ముందుగా పక్కన పెట్టుకునే రిక్వెస్టుల మెమరీ దానికంటే చాలా ఎక్కువ. ఆ డిస్కుల్లో తొంభై రోజంతా ఖాళీగా కూర్చున్నా ఈ ఖర్చు తగ్గదు.

ఈ లెక్కకు అరగంట చాలు. నేను అది చేయకుండా మూడు రోజులు పోగొట్టుకున్నాను.

రెండో అడుగు: అది నిజంగా వేరే డివైజ్ కావాలా?

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడ. గెస్ట్‌కి వంద డిస్కులు కావాలంటే వంద పీసీఐ డివైజులు కావాలని అర్థం కాదు. విర్ట్‌ఐఓ-బ్లాక్‌లో డిస్క్‌కొక పీసీఐ ఫంక్షన్ ఉంటుంది. విర్ట్‌ఐఓ-స్కజీలో ఒక్క కంట్రోలర్ పీసీఐ డివైజ్‌గా కనిపిస్తుంది, దాని వెనక 256 టార్గెట్లు, ఒక్కో టార్గెట్ కింద 16,384 లూన్ల (ఒక్కో డిస్క్‌కి ఇచ్చే యూనిట్ నంబర్ల) దాకా చోటుంది. స్లాట్లు, వెక్టర్లు, క్యూలు కంట్రోలర్‌వి. డిస్క్ చేరిస్తే వాటిలో ఏదీ పెరగదు.

ఇదే ఆలోచన మిగతా డివైజులకూ పనికొస్తుంది. గెస్ట్‌లోని ఒక్కో ప్రోగ్రాంతో మాట్లాడటానికి ఒక్కో సీరియల్ పోర్ట్ పెట్టేవాళ్ళను చూశాను. ఒక్క వీసాక్ (గెస్ట్, హోస్ట్ మాట్లాడుకునే సాకెట్) డివైజ్ పెట్టి దాని మీద కావలసినన్ని కనెక్షన్లు తెరుచుకుంటే సరిపోతుంది. అక్కడ పోర్ట్ నంబర్ 32 బిట్ల సంఖ్య, దానికి హార్డ్‌వేర్ ఖర్చేమీ లేదు. నెట్‌వర్క్‌లో పది సబ్‌నెట్ల కోసం పది కార్డులు పెట్టడం కంటే ఒక కార్డ్ మీద పది వీల్యాన్లు (ఒకే తీగ మీద వేరు వేరు నెట్‌వర్కులు) పెట్టడం మేలు. కొత్త డివైజ్ మీరే డిజైన్ చేస్తుంటే, మొదటి రోజే రిక్వెస్ట్ హెడర్‌లో యూనిట్ నంబర్‌కి ఒక ఫీల్డ్ పెట్టండి. తర్వాత చేర్చాలంటే గెస్ట్ డ్రైవర్లన్నీ మార్చాల్సి వస్తుంది.

అట్లని అన్నీ ఒకే కంట్రోలర్ కింద పడేయకూడదు. పంచుకోవడంలో నష్టాలు ఉన్నాయి.

మొదటిది, రీసెట్. డ్రైవర్ కంట్రోలర్‌ని రీసెట్ చేస్తే దాని కింద ఉన్న డిస్కులన్నీ ఒకేసారి ఆగుతాయి. బూట్ డిస్క్, డేటాబేస్ డిస్క్ లాంటివి వేరే కంట్రోలర్ మీద ఉంచండి. రెండోది, ఒక డిస్క్ క్యూని నింపేస్తే పక్క డిస్క్ రిక్వెస్ట్ వెనకాల నిలబడుతుంది. బ్యాకప్ నడిచే డిస్క్, విద్యార్థులు పరీక్ష రాసే డిస్క్ ఒకే క్యూలో ఉంటే ఏం జరుగుతుందో నేను చూశాను. త్రాటిల్ (వేగానికి పరిమితి) పెట్టి కొంత ఆపవచ్చు, విడదీయడమే అసలు మందు. మూడోది, ఫిజికల్ డివైజ్‌ని నేరుగా గెస్ట్‌కి ఇచ్చే చోట హద్దు గీసేది ఐఓఎంఎంయూ, అంటే ఏ డివైజ్ ఏ మెమరీని ముట్టుకోవచ్చో చూసే హార్డ్‌వేర్. అది పీసీఐ ఫంక్షన్ స్థాయిలో వేరు చేస్తుంది కాబట్టి అక్కడ పంచుకోవడం అంత సులువు కాదు. పాసిడ్ అనే 20 బిట్ల నంబర్‌తో ఒకే ఫంక్షన్‌ని చిన్న ముక్కలుగా పంచే హార్డ్‌వేర్ ఉంటే దాన్ని వాడుకోవచ్చు.

నా మాట: బాగా బిజీగా ఉండే నాలుగైదు డిస్కులకు విర్ట్‌ఐఓ-బ్లాక్, మిగతా గుంపుకంతా రెండు మూడు విర్ట్‌ఐఓ-స్కజీ కంట్రోలర్లు. ల్యాబ్‌లో చివరికి మేము పెట్టింది ఇదే. బూట్ డిస్క్ ఒక్కటి విర్ట్‌ఐఓ-బ్లాక్, నలభై జట్ల డిస్కులు రెండు స్కజీ కంట్రోలర్ల మీద సగం సగం.

మూడో అడుగు: బస్ మీద చోటు

పీసీఐ లెక్క చిన్నదే, కానీ నోటికి రావాలి. ఒక సెగ్మెంట్‌లో 256 బస్సులు, బస్‌కి 32 స్లాట్లు, స్లాట్‌కి 8 ఫంక్షన్లు. క్యూఎమ్యూ ఇచ్చే పాత రకం, ఐ440ఎఫ్ఎక్స్ మెషీన్‌లో ఒకే బస్, 32 స్లాట్లు. హోస్ట్ బ్రిడ్జ్, పీఐఐఎక్స్3 అనే చిప్, డిస్‌ప్లే, ఒక నెట్‌వర్క్ కార్డ్ పోను నాకు మిగిలినవి 28. ఇరవై తొమ్మిదో డిస్క్ దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది కదా.

కొత్త రకమైన క్యూ35 మెషీన్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. అందులో నడుస్తుండగా తగిలించి తీసేయాల్సిన ఒక్కో డివైజ్‌కీ ఒక రూట్ పోర్ట్ (డివైజ్ తగిలే ద్వారం) కావాలి, ఒక్కో రూట్ పోర్ట్ ఒక బస్ నంబర్ తింటుంది. రూట్ పోర్టులను ఒక స్లాట్‌లో ఎనిమిది ఫంక్షన్లుగా సర్దండి, లేకపోతే రూట్ బస్ స్లాట్లు వాటితోనే నిండిపోతాయి. డివైజులను కూడా అట్లానే ఒకే స్లాట్‌లో ఎనిమిదిగా సర్దవచ్చు గానీ, వాటిలో ఒక్కదాన్నే తీయడం కుదరదు, ఎనిమిదీ కలిసే పోతాయి. జీవితాంతం కదలని డివైజులకే ఆ పద్ధతి.

చాలామంది తడబడేది ఐఓ పోర్టుల (డివైజ్‌తో మాట్లాడే పాత పద్ధతి అడ్రసుల) దగ్గర. ఎక్స్86 లో ఐఓ పోర్టుల చోటు మొత్తం 64 కేబీ. బ్రిడ్జ్ విండో (బ్రిడ్జ్ వెనక డివైజులకు కేటాయించే అడ్రసుల ముక్క) కనీసం 4 కేబీ. భాగిస్తే 16, మెషీన్ సొంత వాడకం పోగా ఆ పదహారు కూడా మిగలవు. అంటే ఐఓ పోర్టులు అడిగే డివైజులు రూట్ పోర్టుల వెనక పదికి అటూ ఇటూగా మాత్రమే పడతాయి. పరిష్కారం సులువు: విర్ట్‌ఐఓ 1.0 పద్ధతిలో నడిచే డివైజులకు ఐఓ పోర్టులతో పనే లేదు. లెగసీ మోడ్ ఆపేయండి, రూట్ పోర్టుల మీద ఐఓ రిజర్వ్ సున్నా చేయండి. సొంత డివైజ్ రాస్తుంటే ఐఓ బార్ (డివైజ్ అడిగే ఐఓ పోర్టుల చోటు) అసలు పెట్టవద్దు. మెమరీ విండో కూడా 1 ఎంబీ కంటే చిన్నది కాదు కాబట్టి పెద్ద బార్‌లన్నీ 64 బిట్లవిగా పెట్టి, 4 జీబీ కింద ఉన్న ఇరుకు చోటును కాపాడుకోండి.

నడుస్తున్న మెషీన్‌కి రూట్ పోర్టులు చేర్చలేరు. రేపు పది డివైజులు తగిలించాల్సి రావచ్చనుకుంటే ఈరోజే పది ఖాళీ పోర్టులతో బూట్ చేయాలి. స్కజీ లూన్లకు ఈ బాధ లేదు, కంట్రోలర్ ఒక ఈవెంట్ పంపితే గెస్ట్ కొత్త డిస్క్‌ని చూసుకుంటుంది.

పీసీఐ వద్దనుకుని ఎంఎంఐఓ (నేరుగా మెమరీ అడ్రసుల మీద నడిచే) విర్ట్‌ఐఓ వాడే చిన్న మెషీన్లలో డివైజ్‌కొక ఇంటరప్ట్ లైన్ కావాలి. ఇంటరప్టులను సీపీయూలకు చేర్చే చిప్ ఐఓఏపీఐసీకి ఉన్నవి 24 లైన్లు. నాలుగైదు డివైజుల మెషీన్‌కి అది చక్కగా, తేలికగా ఉంటుంది. వందకు పోయే ఆలోచన ఉంటే ఆ దారి పట్టవద్దు.

నాలుగో అడుగు: ఇంటరప్టులు

ఇంటరప్టులను లైన్ లేకుండా మెమరీ రాతగా పంపే ఎంఎస్ఐ-ఎక్స్ స్పెసిఫికేషన్ ఒక ఫంక్షన్‌కి 2,048 వెక్టర్లు ఇస్తుంది. సీపీయూ వైపు చూస్తే ఒక్కో సీపీయూకి 256 వెక్టర్లే, అందులో మొదటి 32 ఎక్సెప్షన్లకు పోతాయి. రెండు హద్దుల్లో ఏదీ దాటకూడదు.

వెక్టర్లు చాలకపోతే లైనక్స్ విర్ట్‌ఐఓ డ్రైవర్ ఎర్రర్ చెప్పదు, మెల్లగా కిందికి దిగుతుంది. మొదట క్యూకొక వెక్టర్ అడుగుతుంది. దొరక్కపోతే క్యూలన్నిటికీ కలిపి ఒకటి తీసుకుంటుంది. అదీ దొరక్కపోతే పాత పద్ధతి ఇంటరప్ట్ లైన్‌కి పోతుంది. మెషీన్ నడుస్తూనే ఉంటుంది, ఎందుకు నెమ్మదించిందో మాత్రం అంతుబట్టదు. అందుకే డివైజులు పెంచిన ప్రతిసారీ గెస్ట్‌లో ప్రాక్ ఇంటరప్ట్స్ (/proc/interrupts) ఫైల్ తెరిచి, క్యూకొక వరుస ఉందో లేదో కళ్ళతో చూడండి.

క్యూల సంఖ్యను చేత్తో రాయడం అలవాటు చేసుకోండి. పెద్దగా వాడని డిస్క్‌కి ఒకటి చాలు, బిజీ డిస్క్‌కి నాలుగు లేదా ఎనిమిది.

ఐదో అడుగు: హోస్ట్‌లో పని చేసేది ఎవరు

గెస్ట్ క్యూలో రిక్వెస్ట్ పెట్టి గంట కొడుతుంది, అంటే ఒక రిజిస్టర్‌లో రాస్తుంది. కేవీఎం దాన్ని కర్నెల్‌లోనే పట్టుకుని ఈవెంట్‌ఎఫ్‌డీని తడుతుంది. ఆ తట్టు వినే థ్రెడ్ ఒకటి క్యూఎమ్యూలో కావాలి. ఇక్కడే రెండు తప్పుదారులు.

ఒకటి, అన్నీ మెయిన్ లూప్‌లోనే వినడం. ఒక్క సీపీయూ మీద వంద డిస్కుల పని పడుతుంది, మానిటర్ కమాండ్లు కూడా అక్కడే ఇరుక్కుంటాయి. రెండోది, డివైజ్‌కొక థ్రెడ్. వంద థ్రెడ్లు, పదహారు సీపీయూలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ కాలమంతా మారడానికే పోతుంది. సరైనది మధ్యదారి: హోస్ట్‌లో దీనికి ఎన్ని సీపీయూలు కేటాయించగలరో అన్ని ఐఓథ్రెడ్‌లు (డివైజుల పనికే ఉన్న థ్రెడ్లు), డివైజులను వాటికి పంచడం. డివైజులు పది అయినా వెయ్యి అయినా థ్రెడ్ల సంఖ్య మారదు. క్యూఎమ్యూ 9.0 నుంచి ఒకే డిస్క్ క్యూలను కూడా వేరు వేరు ఐఓథ్రెడ్‌లకు పంచవచ్చు. బాగా బిజీ డిస్క్‌కి అది వరం.

ఇక ఆ థ్రెడ్ ఎట్లా వింటుందన్నది అసలు సంగతి. పోల్ పద్ధతిలో ప్రతిసారీ మొత్తం జాబితాను కర్నెల్‌కి ఇచ్చి, మొత్తం జాబితాను తిరిగి చూడాలి. నీరటికాడు ఒక్క మడికి నీళ్ళు పెట్టడానికి రోజూ ఆయకట్టంతా తిరిగొచ్చినట్టు. ఈపోల్ పద్ధతిలో నీళ్ళు కావలసిన రైతే కేక వేస్తాడు, కేక వేసినవాళ్ళ దగ్గరికే పోతాడు. క్యూఎమ్యూ ఐఓథ్రెడ్ 64 ఫైల్ డిస్క్రిప్టర్ల దాకా పోల్‌తో నడిచి, ఆ పైన ఈపోల్‌కి మారేటట్టు రాశారు. మీ సొంత ఈవెంట్ లూప్‌లో ఈ ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి.

బిజీ పోలింగ్ ఇంకా సున్నితం. గెస్ట్ కొట్టే గంట కోసం ఆగకుండా కొన్ని మైక్రోసెకన్ల పాటు క్యూ మెమరీనే తదేకంగా చూస్తూ ఉండటం అన్నమాట. ఒక డిస్క్ మీద అద్భుతంగా పనిచేస్తుంది. వంద డిస్కులు ఒకే థ్రెడ్ మీద ఉంటే, ఖాళీగా ఉన్న తొంభై తొమ్మిదింటి క్యూలు కూడా ప్రతి చుట్టులో చూడాలి. నడుస్తున్న ఆ ఒక్క డిస్క్ వేగం, పక్కన ఉన్న ఖాళీ డిస్కుల వల్ల తగ్గుతుంది. ఖాళీ డివైజ్ వల్ల పనిచేసే డివైజ్ నెమ్మదించడం నా దృష్టిలో డిజైన్ లోపమే, ట్యూనింగ్ సమస్య కాదు. మందు ఏమిటంటే, కొన్ని సెకన్ల పాటు పని రాని డివైజ్‌ని పోలింగ్ జాబితా నుంచి తీసేసి, దాన్ని ఈవెంట్‌ఎఫ్‌డీకి వదిలేయాలి. మళ్ళీ గంట కొట్టినప్పుడు జాబితాలోకి తెచ్చుకోవాలి. క్యూఎమ్యూ ఈవెంట్ లూప్‌లో 2020లో ఈ మార్పు వచ్చింది.

ఆరో అడుగు: పెట్టేటప్పుడు, తీసేటప్పుడు

బూట్ ఎందుకు ఆలస్యమైందో వెతికితే నాకు దొరికిన జవాబు ఇది: ఒక్కో డివైజ్ చేరినప్పుడల్లా మొత్తం పట్టిక మళ్ళీ రాయడం. కేవీఎంకి ఇంటరప్ట్ రూటింగ్ ఇచ్చేటప్పుడు మార్చిన ఒక్క వరుస ఇస్తే కుదరదు, పట్టిక అంతా ఇవ్వాలి. 3,300 వెక్టర్లను ఒకటొకటిగా చేరిస్తే, మొదటిసారి ఒక వరుస, చివరిసారి 3,300 వరుసలు. అన్నీ కూడితే యాభై నాలుగు లక్షల పైన వరుసలు రాసినట్టు. ఐఓఈవెంట్‌ఎఫ్‌డీ (గెస్ట్ గంటను ఈవెంట్‌ఎఫ్‌డీకి కలిపే ఏర్పాటు) చేర్చినప్పుడూ కర్నెల్‌లో ఆ బస్ పట్టిక మొత్తం కొత్తగా కాపీ అవుతుంది. గెస్ట్ మెమరీ మ్యాప్ మారితే క్యూఎమ్యూ కూడా తన చదును పట్టికను మళ్ళీ కడుతుంది.

డివైజులు రెట్టింపైతే టైమ్ నాలుగు రెట్లవుతున్నదంటే ఇదే కారణమని అనుమానించండి. విరుగుడు, మార్పులన్నీ కూడబెట్టి ఒకేసారి ఒప్పజెప్పడం. మీ కోడ్‌లో "మార్పులు మొదలు", "మార్పులు అయిపోయాయి" అనే రెండు ఫంక్షన్లు పెట్టండి. మధ్యలో ఎన్ని చేర్చినా పట్టిక ఒక్కసారే పోవాలి. క్యూఎమ్యూలో మెమరీ మార్పులకు ట్రాన్సాక్షన్ ఇట్లాగే ఉంటుంది, రూటింగ్‌కి కూడా తర్వాత ఇదే పద్ధతి చేర్చారు.

లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న మెషీన్‌ని వేరే సర్వర్‌కి మార్చడం) చేసేవాళ్ళు ఒక్క మాట గుర్తుంచుకోండి. మెషీన్ ఆగిన ఆ కొద్ది క్షణాల్లోనే డివైజులన్నిటి స్థితి పోవాలి. డివైజ్‌కి పది మిల్లీసెకన్లు పడితే వందకు ఒక సెకను.

ఏడో అడుగు: గెస్ట్‌లో పేర్లు

లైనక్స్ డిస్కులకు వరుసగా ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను ఎక్కడా రాసి పెట్టుకోవద్దు. స్కజీ డిస్కులను లైనక్స్ ఏకకాలంలో వెతుకుతుంది కాబట్టి ఈరోజు ఎస్‌డీసీ అయినది రేపు ఎస్‌డీఎఫ్ కావచ్చు. నలభై డిస్కుల్లో ఒక జట్టు ప్రాజెక్ట్ మరో జట్టు ఫోల్డర్‌లో తేలితే పిల్లల కష్టం పోతుంది. ప్రతి డిస్క్‌కీ హోస్ట్‌లోనే సీరియల్ నంబర్ ఇవ్వండి, గెస్ట్‌లో డిస్క్-బై-ఐడీ దారిలో మౌంట్ చేయండి. విర్ట్‌ఐఓ-బ్లాక్‌లో సీరియల్‌కి 20 బైట్లే చోటు, పొడుగు పేరు పెడితే చివర తెగిపోయి రెండు డిస్కులు ఒకే పేరుతో కనిపిస్తాయి. తేడా చూపే అంకెలు ముందే ఉంచండి.

ఎనిమిదో అడుగు: కొలవడం

1, 10, 100 డివైజులతో మూడు మెషీన్లు. వీలైతే 1,000 కూడా. మూడింటిలోనూ పని చేసేది ఒక్కటే డిస్క్, మిగతావన్నీ ఖాళీ. ఆ ఒక్క డిస్క్ మీద సెకనుకు ఎన్ని రిక్వెస్టులు పోతున్నాయో, ఒక్కోదానికి ఎంత ఆలస్యమో ఫియో అనే డిస్క్ పరీక్ష ప్రోగ్రాంతో కొలవండి. మూడు చోట్లా అంకె ఒకటే రావాలి. తగ్గిందంటే ఐదో అడుగులో ఏదో మిగిలింది, సిస్టమ్ కాల్స్ చూపే స్ట్రేస్‌తో ఐఓథ్రెడ్ ఏ సిస్టమ్ కాల్‌లో కాలం గడుపుతున్నదో చూడండి. తర్వాత ఏ పనీ లేకుండా వదిలేసి హోస్ట్ సీపీయూ చూడండి. వంద ఖాళీ డివైజుల మెషీన్, ఒక్క ఖాళీ డివైజ్ మెషీన్ ఒకేలా నిద్రపోవాలి.

బూట్ టైమ్ మూడు చోట్లా రాసుకోండి. పది నుంచి వందకు పోతే పదింతలకు మించి పెరిగితే ఆరో అడుగుకి తిరిగి పోండి.

ఆఖరి పరీక్ష తీసేయడం. నడుస్తున్న మెషీన్‌కి వంద డిస్కులు తగిలించి, వందా తీసేసి, మళ్ళీ తగిలించి తీసేయండి, ఇట్లా ఇరవై సార్లు. ప్రతి చుట్టు తర్వాత హోస్ట్‌లో క్యూఎమ్యూ ప్రాసెస్ ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో లెక్కపెట్టండి. మొదటి చుట్టు తర్వాతా, ఇరవయ్యో చుట్టు తర్వాతా అదే సంఖ్య ఉండాలి. ఒక్కటి పెరిగినా, ఏ డివైజ్ తన ఈవెంట్‌ఎఫ్‌డీని మూయకుండా పోయిందో వెతికి పట్టుకున్నాకే ఆ మెషీన్‌ని పిల్లల చేతికివ్వండి.